చెక్క మీద అరగని అంకెలు

"టిఫిన్లు పెట్టి వెళ్తే కొంపేం మునగదు. చచ్చిన చేపలు ఎక్కడికి పోతాయే?" అన్నాడు మొగుడు, ఆమె ఉద్యోగంలో చేరిన కొత్తలో. ఎక్కడికీ పోవనే ఆమె కూడా అనుకుంది. అదిగో, అక్కడే వచ్చింది తంటా అంతా!

రేవుకొచ్చిన పడవల్లోంచి కొన్ని చేపలు తీసి కొలవడం ఆమె పని. ఆ కొలతల్ని బట్టే సముద్రంలో ఇంకా ఎన్ని మిగిలాయో ఆఫీసువాళ్ళు లెక్కగడతారు. రేవులో అందరికీ ఆమె కొలతలమ్మ. ఇంట్లోనేమో అత్తగారి మందులు, పిల్లదాని జడలు, ఆయనగారి క్యారేజీ, ఇస్త్రీ చొక్కా. ఒంటిచేత్తో అన్నీ చక్కబెట్టుకుని ఉరుకులు పరుగుల మీద రేవు చేరేసరికి తొమ్మిది దాటేది. పన్నెండేళ్ళుగా ఇదే వరస. సాయంత్రం ఆయనొచ్చే వేళకి కాస్త నడుం వాలిస్తే, "ఎప్పుడు చూసినా పడుకునే ఉంటావు" అనేవాడు. ఆయన చూసేది ఆ పావుగంటే మరి!

నిన్న ఆఫీసరు పిలిచాడు. "పెద్ద చేపలు అంతరించినట్టేనమ్మా. మీ కొలతల్లో నలభై సెంటీమీటర్లు దాటింది ఒక్కటీ లేదు. ఈ వారమే నివేదిక పంపేస్తున్నా." ఆమె ప్రాణం ఉసూరుమంది. ఆ మాటే రేవులో చేపలు మోసే గంపలావిడతో చెబితే, ఆవిడ పకపకా నవ్వింది.

"అంతరించడమేంటి తల్లీ! ఐదింటికి దిగుతాయి, ఆరింటికల్లా లారీ ఎక్కేస్తాయి. నువ్వొచ్చేసరికి మిగిలేది చిన్నాచితకే."

ఇంటికొచ్చి కొలతచెక్కను ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. మీటరు పొడుగు చెక్క. నలభై దాకా అంకెలు అరిగి మసకబారాయి. ఆపైనవన్నీ కొన్ననాటిలాగే నిగనిగలాడుతున్నాయి. తను పొయ్యి దగ్గర నిలబడ్డ గంటలు సముద్రాన్నే ఖాళీ చేసి చూపించాయన్నమాట! సిగ్గేసింది, ఒళ్ళు మండింది, అన్నిటికీ మించి బెంగ పట్టుకుంది. ఎన్నడూ చూడని చేపల మీద బెంగ, ఎన్నడూ పీల్చని ఆ తెల్లవారుజాము గాలి మీద బెంగ. ఒక్కటంటే ఒక్క పెద్ద చేపని ఈ చెక్క మీద పడుకోబెట్టాలని ప్రాణం కొట్టుకుపోయింది. వెంటనే ఆఫీసరుకి ఫోన్ చేసింది.

"నివేదిక ఆపండి సార్. కొలతలు తప్పు కాదు. నేను వెళ్ళే వేళ తప్పు."

"పొద్దున్నే ఎందుకెళ్ళలేదో కారణం రాసివ్వాలమ్మా మరి," అన్నాడాయన, విసుగ్గా.

ఇవాళ నాలుగున్నరకే ఆమె చెప్పులేసుకుంటుంటే, "మరి టిఫిను?" అన్నాడు మొగుడు దుప్పట్లోంచి.

"పొయ్యి ఎక్కడికీ పోదులెండి," అని తలుపు దగ్గరగా వేసింది.

మొదటి పడవ ఒడ్డుకి తగిలింది. చేపని ఎత్తడానికి గంపలావిడ కూడా చెయ్యి వెయ్యాల్సి వచ్చింది. కొలతలమ్మ దాని తల చెక్క అంచుకి ఆనించి, తోక సాపు చేసింది. కొత్త అంకెలు మొదటిసారి తడిశాయి.

"ఎనభై ఏడు!" అంది పైకే. కళ్ళు తుడుచుకుంది. తర్వాత కాగితం తీసి, 'పన్నెండేళ్ళుగా ఈ వేళ కొలతలు లేకపోవడానికి కారణం' అన్నచోట 'వంట' అని రాసి సంతకం పెట్టింది.