మందు కొట్టని చేను

దోమ పట్టిన వరిచేను వాసన ఒకసారి ముక్కుకెక్కితే పోదు. గట్టు మీద నిలబడి చూస్తే పైరు పచ్చగానే ఉంటుంది. దుబ్బు వంచి మొదట్లో చూడాలి. గోధుమరంగు పురుగులు ఒకదాని మీద ఒకటి, రవ్వ పోసినట్టు అంటుకుని ఉంటాయి. అవి విసర్జించే జిగురు మీద నల్లటి బూజు పడుతుంది. నాలుగు రోజుల్లో చేను నడుమ చాపంత మేర ఎండి కూలిపోతుంది. ఆ చాప సుడి తిరిగినట్టు పెరుగుతూ పోతుంది. అందుకే దాన్ని సుడిదోమ అంటారు. ఆ పురుగుల్ని లెక్కపెట్టే పని నాకు ఇచ్చింది రూతు.

రూతుది రేపల్లె. తండ్రి మిషన్ బళ్ళో పంతులు. పురుగుల శాస్త్రంలో డాక్టరు చదువు చదివి, బాపట్లలో వరి మీద పరిశోధన చేసే ఉద్యోగంలో ఉండేది. 1988లో దోమకి తట్టుకుంటుందని చెప్పే కొత్త విత్తనం ఒకటి తీసుకుని వేమూరు వచ్చి, మా ఎకరం చేను అడిగింది. చేను రెండు సగాలు చేయాలి. రెంటిలోనూ అదే విత్తనం. ఒక సగానికి దోమ పడగానే మందు కొట్టాలి. రెండో సగానికి చుక్క కూడా కొట్టకూడదు.

"విత్తనం తట్టుకుంటుందో లేదో తెలియాలంటే దోమ పడాలి పిన్నిగారూ. పడ్డాక మనం ఏమీ చేయకూడదు. చూస్తూ ఉండాలి" అంది.

"చూస్తూ ఊరుకోవడం రైతుకి చేతనవుతుందా అమ్మా?" అన్నాను.

"అవదు. నాకు భయం దోమంటే కాదు, రైతంటేనే" అని నవ్వింది.

నేను మూడో తరగతి దాటలేదు. పొట్లాల కాగితాలు, లైబ్రరీలో పాత పత్రికలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నదాన్ని. నా చేతిరాత చూసి రూతు నాకొక నోటుపుస్తకం ఇచ్చింది. వారానికి ఇరవై దుబ్బులు వంచి తట్టి, కింద పింగాణీ పళ్లెంలో రాలిన పురుగుల్ని లెక్కపెట్టాలి. తేదీకి ఒక గడి, అంకెకి ఒక గడి, చివర విశేషాలకి ఒక గడి. వాన పడినా, నీళ్ళు తీసినా, యూరియా చల్లినా విశేషాల్లో రాయాలి. ప్రతి గురువారం ఆమె వచ్చి చూసుకునేది, నాతో కూర్చుని కాఫీ తాగేది. పురుగు మీసాల సంగతి, రెక్కల సంగతి ఆమె చెబుతుంటే, అరవయ్యేళ్ళకి దగ్గరవుతున్న నన్ను ఎవరో బళ్ళో వేసినట్టుండేది.

మనుషులు వెళ్ళిపోవడమంటే నాకు భయం. ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు. మా చెల్లెలు ఒక మాట పట్టింపుతో తెనాలి స్టేషన్లో రైలెక్కి, మళ్ళీ మా గడప తొక్కలేదు. రూతు బస్సెక్కుతుంటే "వచ్చే గురువారం వస్తావుగా" అని రెండుమూడుసార్లు అడిగేదాన్ని. ఈ సంగతి మా ఆయన శివరామయ్యకి బాగా తెలుసు.

అక్టోబరులో దోమ పడింది. మందు కొట్టని సగంలో దుబ్బుకి ముప్పై ఎనిమిది లెక్కకొచ్చాయి. గట్టున పోయేవాళ్ళు ఊరుకోరు గదా.

"ఏం శివరామయ్య బావా, దోమలకి సంతర్పణ పెట్టావా?"

"పెట్టనీరా. డాక్టరమ్మొచ్చి విస్తళ్ళు తీసుద్దిలే" అని వెనకనుంచి ఇంకొకడు.

మా ఆయన మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగోరోజు తెల్లవారగానే మందు పంపు వీపుకి తగిలించుకుని పోయాడు. నేను పాలు తీసుకుని వెనకే వెళ్ళేసరికి కొట్టకూడని సగంలో సగానికి పైగా కొట్టేశాడు. మీసాల మీద మందు తుంపర్లు. చచ్చిన పురుగులు నీళ్ళ మీద తెట్టుగా తేలుతున్నాయి. మిగతాది కూడా కొట్టి, ఆ తెట్టు తోసుకుంటూ గట్టెక్కి, కాలవలో పంపు కడిగి, అదే చేత్తో పాల చెంబు అందుకున్నాడు.

"రూతుకి చెప్పొద్దా?" అన్నాను.

"చెప్పు. ప్రయోగం చెడిందని మూట గట్టుకుని పోద్ది. ఇక రాదు. నీ ఇష్టం."

ఎక్కడ నొక్కాలో అక్కడ నొక్కాడు. మంగళవారం పెద్ద వాన పడి, వాసన కూడా పోయింది.

గురువారం పళ్లెంలో దుబ్బుకి రెండే రాలాయి. రూతు మోకాళ్ళ మీద కూర్చుని పది దుబ్బులు తనే వంచి చూసింది. "ఇన్ని పురుగులూ ఏమయ్యాయి పిన్నిగారూ?" అంది.

నేను నోరు విప్పేలోగా మా ఆయన అందుకున్నాడు. "సాలీళ్ళు తినేశాయమ్మా. ఎన్ని సాలీళ్ళనుకున్నావు. చీమల బారులాగా వచ్చినయ్."

గట్టు పక్కన దుబ్బుల్లో వెతికితే నాలుగు సాలీళ్ళు నిజంగానే కనిపించాయి. ఆమె మొహం వెలిగిపోయింది. నేను అంకెల గడిలో రెండు అని వేసి, విశేషాల్లో వాన అని మాత్రం రాశాను. వేసిన అంకె అబద్ధం కాదు గదా, వాన అబద్ధం కాదు గదా అని నాకు నేనే చెప్పుకున్నాను. 

కోతల్లో రెండు సగాలూ ఇంచుమించు ఒకటే దిగుబడి ఇచ్చాయి. బాపట్లలో ఆమె పైఅధికారి వెంటనే పేపర్లో వేయిద్దామన్నాడట. రూతు ఒప్పుకోలేదు. "ఒక చేలో కనపడితే కనపడినట్టు, అంతే. ఇంకో మూడు చోట్ల మళ్ళీ కనపడితే అప్పుడు తెలిసినట్టు" అని మాతో చెప్పింది. మరుసటి ఏడు బాపట్ల ఫారంలో ఒకటి, తెనాలి పక్కన కొలకలూరులో ఒకటి, రేపల్లెలో ఒకటి వేయాలని నిర్ణయించింది. ఈసారి చేను సగాలు చేయకుండా మొత్తం మందు లేకుండానే వదిలి, దోమతో పాటు సాలీళ్ళనీ లెక్కపెట్టాలంది. మా ఆయన నోటికొచ్చి వాగిన మాట ఆమె కాగితం మీద రెండో ప్రశ్న అయి కూర్చుంది. ఆయన అది విని ఇంటికొచ్చి పడీపడీ నవ్వాడు. ఆ పూట ఆయనకి అన్నం వడ్డించబుద్ధి కాలేదు. వడ్డించాను.

రేపల్లెలో చేను ఇచ్చింది జకరయ్య. దశరథరామయ్య అనే ఆసామి దగ్గర ఎకరంన్నర కౌలుకి చేసేవాడు. రూతు వెళ్ళే చర్చికే అతనూ వెళ్తాడు. ఆరాధన అయ్యాక ఆమె అడిగితే ఒప్పుకున్నాడు. నాట్ల రోజున నేర్పరి రైతులని మమ్మల్నిద్దర్నీ అక్కడికి తీసుకెళ్ళారు. జకరయ్య మోకాళ్ళ దాకా బురదతో గట్టెక్కి వచ్చి, మాకు కొబ్బరిబోండాలు కొట్టి ఇచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. మాట నెమ్మది.

"అయ్యగారండి, ఒక్క మాట. నిజంగా మందు కొట్టలేదాండి? చేను పోతే ఆసామి మళ్ళీ నాకివ్వడండి. అందుకని అడుగుతున్నా."

"చుక్క కూడా కొట్టలేదయ్యా" అన్నాడు మా ఆయన.

జకరయ్య నా వైపు తిరిగాడు. "లెక్కలు రాసింది మీరేనంట కదండి. అంతేనాండి?"

బోండం నోటి దగ్గర పెట్టుకుని నీళ్ళు తాగుతూ తలాడించాను. పక్కనే రూతు నా భుజం మీద చెయ్యేసి నిలబడి ఉంది. ఆ చెయ్యి తీసేస్తుందేమోనన్న భయం తప్ప, ఆ నిమిషంలో నాకు జకరయ్య లేడు, చేను లేదు.

ఆ ఏడు బాపట్ల ఫారంలో దోమే పడలేదు, కాబట్టి ఏమీ తేలలేదు. కొలకలూరు రైతు దోమ కనపడగానే మందు కొట్టేసి, కొట్టేశానని మొహం మీదే చెప్పాడు. ఆ చేను లెక్కలోంచి తీసేశారు. మిగిలింది జకరయ్య చేను. దోమ పడ్డాక అతను పనులు మానుకుని రెండుసార్లు బాపట్ల వెళ్ళి, "కొట్టమంటారాండి?" అని అడిగాడు. రెండుసార్లూ రూతు, "ఒక్క వారం ఓపిక పట్టు జకరయ్యా, వేమూరులో పురుగులు వారంలోనే తగ్గిపోయాయి" అని పంపించింది. అతను పట్టాడు. చేను మొత్తం మాడిపోయింది.

నవంబరులో ఆ చేను దగ్గరే మీటింగు పెట్టారు. మమ్మల్నీ రమ్మన్నారు. షామియానా కింద పులిహోర, వడలు, మజ్జిగ. పక్కనే ఎకరంన్నర గడ్డి చింపిరి చాపలా పడి కుళ్ళుతోంది. గాలి అటునుంచే వీస్తోంది. మజ్జిగ గ్లాసుల్లో పురుగులు పడుతుంటే అధికారులు వేలితో తీసి పారేసి తాగుతున్నారు. మా ఆయన రెండో వడ తింటున్నాడు. నేను ఏదీ ముట్టుకోలేదు.

రూతు పైఅధికారి లేచాడు. విత్తనం మంచిదే, వేమూరులో రుజువైంది, ఇక్కడ రైతు యూరియా ఎక్కువేసి, నీళ్ళు నిలవగట్టి చెడగొట్టుకున్నాడు అన్నాడు. దశరథరామయ్య కుర్చీలో వెనక్కి వాలాడు. "నేను అప్పుడే అన్నా. వీళ్ళకి పాఠం చెప్పి వ్యవసాయం చేయించడమేంటి? చెడగొట్టుకుంది నువ్వైతే వచ్చే ఏడు చేను ఇంకొకళ్ళు చేస్తార్రా జకరయ్యా."

"యూరియా అమ్మగారు చెప్పినంతే వేశానండి" అన్నాడు జకరయ్య. అతని మాట ఎవరూ వినలేదు.

రూతు మాత్రం కూర్చోలేదు. "సార్, అతను చెప్పింది చెప్పినట్టే చేశాడు. వేమూరుకీ ఇక్కడికీ తేడా ఏదో ఉంది. అదేంటో తెలియకుండా తప్పు రైతు మీద వేయలేం" అని మా వైపు తిరిగింది. "బాబాయిగారూ, ఆ వారంలో మీ చేలో ఏం జరిగిందో మళ్ళీ ఒకసారి చెబుతారా? చిన్నదైనా సరే. నీళ్ళు తీశారా? బాతుల్ని వదిలారా?"

"ఏముందమ్మా. సాలీళ్ళే" అన్నాడు మా ఆయన వడ నములుతూ. గడ్డం మీద నూనె కారుతోంది.

ఆ నూనె చూసేసరికి నాకు ఆ రోజు తెట్టు, ఆ చేత్తో అందుకున్న పాల చెంబు, బోండం నోటికి పెట్టుకుని ఆడించిన నా తల, అన్నీ ఒక్కసారే గొంతులోకొచ్చాయి.

"మందు కొట్టారు" అన్నాను. "ఆదివారం తెల్లవారి కొట్టారు. నేను చూశాను. రాయలేదు."

మా ఆయన నమలడం ఆపేశాడు. పైఅధికారి, "ఎండకి తల తిరిగినట్టుందమ్మా, కాస్త మజ్జిగ తాగండి" అన్నాడు. ఎవరో నవ్వారు.

రూతు నవ్వలేదు. "ఎంత కొట్టారు? ఏ మందు?" అని అడిగింది. చెప్పాను. నిలబడే రాసుకుంది.  రాయడం అయ్యాక పైఅధికారితో అంది, "సార్, వేమూరు ఫలితం కొట్టేయాలి. రెండేళ్ళలో మనకు మిగిలింది ఈ చేనొక్కటే. ఇది అబద్ధం చెప్పలేదు. మళ్ళీ మొదటినుంచి చేయాలి." దశరథరామయ్యతో, తప్పు ప్రయోగానిదేనని రాసి సంతకం పెట్టి ఇస్తానంది. ఆయన మెడ గోక్కుని, "సరే, అట్టయితే వాణ్ణే చేసుకోనీండి" అన్నాడు.

 చేను జకరయ్యకి నిలబడింది. అతను నా దగ్గరికి వస్తుంటే, ఏదో ఒక మంచిమాట అంటాడని, ఆ మాట పట్టుకుని ఊరు చేరొచ్చని ఆశపడ్డాను. చెబుతున్నందుకు సిగ్గుగా ఉంది.

"నిరుడే తెలుసాండి మీకు?" అన్నాడు.

"తెలుసు."

"నాట్లప్పుడు అడిగితే తలూపారు. ఇప్పుడు చెప్పారు. మధ్యలో నాలుగు నెలలున్నాయండి." మాట అప్పటికీ నెమ్మదిగానే ఉంది. "గడ్డన్నా మిగిలిద్దనుకున్నా. గొడ్లు మూతి పెట్టటంలేదండి, కంపని."

 రూతు వెళ్ళిపోతుందని భయపడ్డానని అతనికి చెప్పాలా? ఎకరంన్నర మాడగొట్టి, నాకు గురువారం కాఫీకి తోడు కావలసి వచ్చిందని?

రూతు వచ్చి అతని పక్కన నిలబడింది. నన్ను చూడలేదు. "జకరయ్యా, నేను అడగకూడదు. కానీ అడుగుతున్నా. వచ్చే ఏడు అరెకరం ఇస్తావా? ఈసారి పాత విత్తనం, కొత్త విత్తనం పక్కపక్కన వేద్దాం. దోమ ఏ దశలో గెలుస్తుందో చూడాలి. పంట పోతే నష్టం ఇస్తామని ముందే కాగితం రాయిస్తాను."

అతను ఎండిన దుబ్బొకటి కాలితో పక్కకి నెట్టాడు.

"ఇస్తానండి. లెక్కలు మా ఆవిడ, నేనూ రాసుకుంటాం. దానికి చదువొచ్చండి." తర్వాత నా వైపు చెయ్యి చూపించి, "ఆ అమ్మగారు మాత్రం మా చేలో కాలు పెట్టకూడదండి" అన్నాడు.

"సరే" అంది రూతు.

ఆ ఒక్క మాటే. తర్వాత ఇద్దరూ గట్టు దిగి, ఎండిన దుబ్బులు పీకి వేళ్ళు చూసుకుంటూ లోపలికి వెళ్ళారు. ఆమె ఏదో అడుగుతోంది, అతను చేత్తో కొలిచి చూపిస్తున్నాడు. షామియానా కిందనుంచి మా ఆయన, "ఏమే, పెరుగన్నం పెడుతున్నారు, రా" అని కేకేశాడు. వెళ్ళలేదు. రూతు వెనకే వెళ్ళాలని కాళ్ళు లాగుతున్నా గట్టు మీదే నిలబడ్డాను. ఆ చేలో అడుగు పెట్టొద్దని అప్పటికే చెప్పేశాడు గదా.