బూటు అడుగున ఉప్పు

మొగుడి బూట్లు పొద్దున్నే నమిలి మెత్తబరచడం అపూతి పని. ఆరిన సీలు జంతువు తోలు చెక్కలా బిగుసుకుపోతుంది. పళ్ళతో నమిలితే గాని పాదం దూరదు. కడుపుతో బడి మానేసి ఈ ఇంటికొచ్చిన ఏడాదే అత్త నేర్పింది. "చదువుకున్న పళ్ళు కదా, అరిగిపోతాయేమో!" అనే ఎకసెక్కం కూడా అప్పుడే మొదలైంది.

ఇవాళ మొదటి కొరుకుకే నాలుక చురుక్కుమంది. ఉప్పు.

మంచు కరిగి తడిస్తే తోలు చప్పగా ఉంటుంది. ఉప్పంటే సముద్రం నీళ్ళే. సముద్రం మీది మంచు పగలకుండా అవి పైకి ఎలా వచ్చాయి? నిన్న ఇంటికొచ్చి మొగుడు తులుగాక్ ఏమన్నాడు? "రాయిలా ఉందే. భయపడితే నీ వంటకి భయపడాలి గానీ ఆ మంచుకెందుకు?" అని నవ్వాడు. ఆ నవ్వు కాస్త ఎక్కువైందని అప్పుడే అనిపించింది. గడ్డకట్టిన సముద్రం మీద బరువు బళ్ళు నిలిపి అదరగొట్టి, ఆ అదురు కిందనుంచి ఎలా తిరిగొస్తుందో విని, అడుగున చమురు ఉందేమో వెతికే కంపెనీకి దారి చూపేది అతనే. అతను బాగుందంటేనే బళ్ళు కదులుతాయి. బాగాలేదంటే పని ఆగుతుంది, దారి చూపే పెద్దరికమూ పోతుంది. చెమటేమో? చెమటైతే లోపల ఉండాలి, అడుగునెందుకుంటుంది? సీలుని కోస్తే అంటిన నెత్తురేమో? మరి మాంసమేదీ?

ఆ మంచు మీదికే ఇవాళ తననీ తీసుకెళ్తాడు, బళ్ళవాళ్ళకి వండిపెట్టడానికి. "మా ఆవిడ ఊరికే చేసిపెడుతుంది" అని తనని అడక్కుండానే మాటిచ్చేశాడు. పాలు తాగే పిల్ల కూడా తనతోనే.

"చూశావా మొగుడా, నీ కోడలికింకా తెమల్లేదు!" ఒళ్ళో పిల్లతో అంది అత్త. చనిపోయిన మామ పేరే పిల్లకి పెట్టారు. ఇక్కడ ఎవరి పేరు పెడితే ఆ మనిషే మళ్ళీ వచ్చినట్టు, అందుకే ఆడపిల్లైనా అత్తకి మొగుడే.

"అత్తా, ఇది ఒక్కసారి కొరికి చూడు."

అత్త కొరికింది. దవడ ఆగిపోయింది. ఉమ్మేసి, టీ పుక్కిలించి మళ్ళీ ఉమ్మింది.

"చెమటే. మంచు సంగతి మగాళ్ళకి తెలీదా?"

మొహం అటు తిప్పుకుని అంది: "నా మొగుణ్ణి మాత్రం ఇక్కడే వదిలి వెళ్ళు. డబ్బాపాలు పడతాలే."

తల్లిపాలు లేకుండా ఎలా, వెంట తీసుకుపో అని నిన్న పట్టుబట్టింది ఈ నోరే.

అపూతి లేచి, అత్త ఒళ్ళోంచి పిల్లని తీసి, తన కోటు వెనక పిల్లల్ని మోసే పెద్ద టోపీలో వేసుకుంది. అరమీది రేడియో అందుకుంది. అందులో మాట్లాడితే ఒడ్డున బండి కడుతున్న తులుగాక్‌తో పాటు బళ్ళవాళ్ళంతా, ఊరంతా వింటారు. ఇన్నాళ్ళూ తను వినడమే గాని మీట నొక్కింది లేదు.

"వాడి పరువు తీస్తావా!" అత్త చెయ్యి పట్టుకుంది. అపూతి విడిపించుకుంది.

"బళ్ళు వెళ్ళే దారిలో మంచు మీదికి నీళ్ళొస్తున్నాయి. ఎవ్వరూ కదలొద్దు. నేను రాను."

కాసేపు గరగర. తర్వాత, నలుగురికీ వినబడాలని నవ్వుతూ తులుగాక్: "పొయ్యి దగ్గర కూర్చున్నదానివి, నీకెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు," అంది. "నీ బూటు నమిలాను."