బోనెక్కిన పిడుగు

ఆ ఊళ్ళో క్రిమినల్ లాయర్లకు కొదవ లేదు. కానీ ‘పిడుగు’ అని ఎవరైనా అంటే మాత్రం అది ఆయన గురించే. ఆయన క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచి నల్లకోటు సర్దుకుంటే చాలు, బోనులో సాక్షికి ముచ్చెమటలు పట్టేవి. దొంగను కళ్ళారా చూశానని ఢంకా బజాయించి చెప్పిన ఒక దర్జీని, ఆ దొంగ చొక్కాకు జేబు ఎటుంది, గుండీలు ఏ రంగు, కాలరు ఎలాంటిది అని తిప్పితిప్పి అడిగాడు. సాయంత్రానికి ఆ దర్జీ తాను తొడుక్కున్న చొక్కా తనదేనా అని తడుముకునే స్థితికొచ్చాడు. మరోసారి సాక్ష్యం చెప్పడానికి వచ్చిన ఒక బ్యాంకు మేనేజరు, బోను దిగి నేరుగా క్యాంటీన్లో ఈయన దగ్గరికొచ్చి, “అయ్యా, నేనేం నేరం చేశానో తెలియట్లేదు గానీ, నా కేసు కూడా మీరే చూడాలి” అని చేతులు పట్టుకున్నాడు.

ఇంత పేరున్న మనిషికి కారు నడపడం మాత్రం రాదు. నేర్చుకోబోయిన మొదటిరోజే నేర్పేవాడితో వాదన పెట్టుకున్నాడు. బ్రేకు మధ్యలోనే ఎందుకుండాలో చెప్పమన్నాడట. అందుకని ఎక్కడికి వెళ్ళాలన్నా బావమరిదే గతి. భార్యకు తమ్ముడు. తాళాల దుకాణం పెట్టుకున్న మెతక మనిషి. బావ మాటంటే వాడికి వేదం.

ఆ సాయంత్రం కోర్టు నుంచి ఇద్దరూ ఇంటికొస్తున్నారు. మర్నాడు ఒక హత్యకేసులో ఆఖరి వాదన. పిడుగు ముందు సీట్లో వెనక్కి వాలి, ఆ ఉపన్యాసాన్ని బిగ్గరగా వల్లె వేసుకుంటున్నాడు. ముద్దాయి తల్లి గురించిన ఘట్టం మంచి రసపట్టులో ఉండగా, నాలుగురోడ్ల కూడలిలో ఢామ్మని చప్పుడైంది. చూస్తే, స్కూటరు ఒకవైపు, దాని మీద వస్తున్న డ్యాన్సు టీచరు ఒకవైపు పడి ఉన్నారు. ఆవిడ కాలు విరిగింది.

జనం మూగారు. పోలీసు ఈల ఊదుకుంటూ వచ్చాడు. ఎవరూ ఏమీ అడక్కముందే పిడుగు కారు దిగి, కోర్టు గొంతుతో, “సిగ్నల్ పచ్చగా ఉంది! నేను సాక్షిని!” అని గర్జించాడు. పక్కన ఆవిడ నొప్పితో మూలుగుతోంది. తనవాడి మీద మాట పడబోతోందనగానే ఆయన నోరు దానంతటదే పనిచేస్తుంది. అన్నేళ్ళ అలవాటు మరి.

డ్యాన్సు టీచరు ఊరుకోలేదు. కారువైపు ఎర్రలైటు వెలుగుతుండగానే దూసుకొచ్చారని చెప్పింది. బావమరిది మీద కేసైంది. అతని తరఫు సాక్షి ఒక్కడే, పిడుగు.

“ఏమండీ, నిజంగా చూశారా మీరు?” అని భార్య అడిగింది, కోర్టుకు వెళ్ళే రోజు పొద్దున.

“చూడకుండా చెబుతానా?”

“అడిగినదానికి చెప్పండి. చూశారా?”

“నన్నే క్రాస్ చేస్తున్నావా?”

“నా తమ్ముడి సంగతి కాబట్టి అడిగాను. ఇంకొకళ్ళయితే మీ నోట జవాబు రాబట్టే ఓపిక నాకెక్కడిది?” అంటూ ఆవిడ వంటగదిలోకి వెళ్ళిపోయింది.

ఆయనకు చిర్రెత్తింది. పచ్చలైటును ఆయన నిజంగానే నమ్మాడు. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడో, చెప్పినప్పుడల్లా ఆ పచ్చ ఇంకొంచెం పచ్చబడుతూ వచ్చింది.

కోర్టు హాలు కిక్కిరిసింది. పిడుగును బోనులో చూసే భాగ్యం కోసం లాయర్లు తమ కేసులకు వాయిదాలు అడిగి మరీ వచ్చారు. వెనక బెంచీలో ఒకాయన, “ఆ దర్జీకి కబురు పెట్టాల్సింది” అన్నాడు. ప్రభుత్వం తరఫున ఫైళ్ళు పట్టుకుని లేచినావిడను చూసి పిడుగు కొంచెం ఉలిక్కిపడ్డాడు. ఆవిడ ఒకప్పుడు ఆయన ఆఫీసులోనే జూనియరు. ఏళ్ళ తరబడి ఆయన వెనక ఫైళ్ళు మోసి ‘ఫైలమ్మ’ అని పేరు తెచ్చుకుంది. ఒక్కసారి కూడా ఆయన ఆమెను సాక్షిని ప్రశ్న అడగనివ్వలేదు. చివరికి విసుగెత్తి మానేసి, ప్రభుత్వ వకీలైంది.

ముందు బావమరిది లాయరు అడగాలి. ఆయన పిడుగు స్నేహితుడే, పాపం నెమ్మదస్తుడు.

“మీరు సిగ్నల్ పచ్చగా ఉండటం చూశారు కదా?” అన్నాడాయన.

“అభ్యంతరం!” అని అరిచాడు పిడుగు బోనులోంచి. “జవాబు ప్రశ్నలోనే పెట్టి అడుగుతున్నావేంటయ్యా?”

హాలంతా గొల్లుమంది. జడ్జిగారు కళ్ళజోడు సవరించుకుని, “సాక్షిగారూ, మీరిప్పుడు సాక్షి. ఆ సంగతి గుర్తుంచుకుంటే అందరికీ సుఖం” అన్నారు.

పిడుగు నాలుక కరుచుకున్నాడు. స్నేహితుడు ఆ కంగారులో మిగతా ప్రశ్నలన్నీ మరిచిపోయి కూర్చున్నాడు.

ఫైలమ్మ లేచింది. పిడుగు బోను అంచున ఉన్న గ్లాసులోంచి ఒక గుక్క నీళ్ళు తాగి, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. దూరం గురించి అడుగుతుంది, వెలుతురు గురించి, కళ్ళజోడు గురించి అడుగుతుంది. అన్నింటికీ జవాబులు నాలుక చివరే ఉన్నాయి.

ఆవిడ అవేవీ అడగలేదు.

“సార్, ఆ మర్నాడు హత్యకేసులో మీరు చేసిన వాదన గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. నేనూ వెనక నిలబడి విన్నాను. ముద్దాయి తల్లి గురించి చెప్పినప్పుడు జమాదారు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.”

“ఆఁ... ఏదో, అలా కుదిరింది” అన్నాడు పిడుగు. చెవులు కాస్త ఎర్రబడ్డాయి.

“అంత గొప్ప వాదన ఎక్కడ సిద్ధం చేసుకున్నారు సార్?”

“అదేముంది, కారులోనే. ఆ సాయంత్రమే.”

బావమరిది లాయరు లేవబోయి, ఎందుకు లేవాలో తోచక మళ్ళీ కూర్చున్నాడు.

“ఆ తల్లి ఘట్టం ఎలా మొదలవుతుంది సార్? నాకు సరిగ్గా గుర్తు లేదు. జడ్జిగారు అనుమతిస్తే...”

జడ్జిగారు వద్దనలేదు. ఆ వాదన ఆయన వినలేదు పాపం, అది పక్క కోర్టులో జరిగింది.

అంతే, పిడుగుకు పూనకం వచ్చేసింది. గొంతు సవరించుకుని, తల కాస్త వెనక్కి వంచి, రెండు కళ్ళూ మూసుకున్నాడు. “అయ్యా! ఈ నాలుగు గోడల బయట, ఒక ముసలితల్లి...” అంటూ అందుకున్నాడు. గొంతు లేచింది, వణికింది, తగ్గింది. ఆ ఘట్టం పూర్తిచేసి, కళ్ళు తెరిచి, గొంతు తడుపుకుందామని బోను అంచున పెట్టిన మంచినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

గ్లాసు అక్కడ లేదు.

ఫైలమ్మ చేతిలో ఉంది. ఆవిడ దాన్ని తెచ్చి మర్యాదగా ఆయనకందించింది.

“తాగండి సార్. ఈ గ్లాసు నేనెప్పుడు తీశానో చూశారా?”

వెనక నుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. ఇలాంటి చిక్కులోంచి జారుకోవడానికి పిడుగుకు లక్ష దారులు తెలుసు. కారులో వేరు, కోర్టులో వేరు అనొచ్చు. తల్లి ఘట్టం కూడలి దాటాకే మొదలుపెట్టానని దబాయించొచ్చు. నోరు తెరిచాడు కూడా. ఎదుటి బెంచీలో డ్యాన్సు టీచరు చంకకర్రలు ఒళ్ళో పెట్టుకుని తననే చూస్తోంది. ఆ చూపులో కోపం కూడా లేదు. ఈయన ఇప్పుడేం అల్లుతాడో చూద్దాం అన్నట్టుంది. ఆయనకు ఒక్కసారిగా చాలా అలసటగా అనిపించింది.

“చూడలేదు” అన్నాడు.

“గ్లాసా సార్, సిగ్నలా?”

“రెండూనమ్మా.”

ఆ తర్వాత తీర్పుకు ఎంతోసేపు పట్టలేదు. బావమరిదికి జరిమానా పడింది, లైసెన్సు కొంతకాలం రద్దయింది, డ్యాన్సు టీచరు వైద్యం ఖర్చంతా అతనే భరించాలన్నారు. పిడుగు డ్యాన్సు టీచరు దగ్గరికెళ్ళి, ఏం చెప్పాలో తెలియక, “తప్పైపోయిందమ్మా” అన్నాడు. ఆవిడ తలూపి, “ఆరోజు కారు దిగగానే అరిచే బదులు నన్ను లేవదీసుంటే బాగుండేది” అని, కర్రలు టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

వరండాలో ఫైలమ్మ ఎదురైంది.

“చివరి ప్రశ్న అనవసరం” అన్నాడాయన ముఖం గంటు పెట్టుకుని. “గ్లాసు దగ్గరే ఆపేయాల్సింది. నేను మళ్ళీ పుంజుకుని ఉంటే?”

“తెలుసు సార్. కానీ మీ ఆఫీసులో అడగనివ్వని ప్రశ్నలు బోలెడు మిగిలిపోయాయి నా దగ్గర. ఒకటి ఎక్కువైతే ఏమైందిలే అనుకున్నా.”

పిడుగుకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూశాడు గానీ ఆగలేదు. “బాగా చేశావు” అన్నాడు. ఆ మాట ఒక జూనియరుతో అనడం ఆయనకు అదే మొదలు. అందుకే కాబోలు, గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

బావా బావమరుదులు బస్సెక్కి ఇంటికి చేరారు. భోజనాల దగ్గర భార్య వడ్డిస్తూ గరిటె ఆపి, తమ్ముడి వంక చూసింది.

“కోర్టయిపోయింది. ఇప్పుడు నిజం చెప్పు. అసలు ఏ లైటు వెలిగిందిరా?”

“నాకేం తెలుసక్కా?” అన్నాడతను.

“నాకేం తెలుసంటావేంట్రా?” పిడుగు ముద్ద కంచంలో పడేశాడు. “పచ్చ అని పోలీసుకు చెప్పింది నువ్వే కదా? నువ్వు అంత గట్టిగా చెప్పబట్టే నాకూ నమ్మకం కుదిరింది!”

“అయ్యో బావా, కారు దిగి పచ్చ అని ముందు అరిచింది మీరు! అంతటివారు అంటున్నారంటే పచ్చే అయ్యుంటుందని నేనూ అదే చెప్పాను.”

భార్య గరిటె కింద పెట్టింది. “ఎదురుగా ఉన్న లైటు నీకు కనబడలేదా?”

బావమరిది తల దించుకున్నాడు. “ఎలా కనబడుతుందక్కా, కళ్ళనిండా నీళ్ళుంటే? బావ ఆ తల్లి గురించి చెబుతున్నారు... నాకు ఏడుపు ఆగలేదు. రోడ్డంతా అలికేసినట్టయిపోయింది.”

ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుని కుర్చీలో కూలబడింది. “మీ ఇద్దర్నీ కలిపి లోపలేయాల్సింది. ఆ జడ్జిగారిది మరీ మెత్తటి మనసు” అంది. తర్వాత చాలాసేపు తిట్టింది. తమ్ముణ్ణి తిట్టింది, మొగుణ్ణి తిట్టింది, పనిలో పనిగా కారునూ తిట్టింది.

పిడుగు బుద్ధిగా తలొంచుకుని అన్నీ విన్నాడు. ఆయనకు నిజంగానే సిగ్గుగా ఉంది. ఆవిడ మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది. ఆయన బావమరిది వైపు కొంచెం ఒరిగి, గొంతు తగ్గించి అడిగాడు.

“ఏ మాట దగ్గర ఏడుపొచ్చిందిరా?”