మా ఆయన శ్రేఢి

సోమవారం మా ఆయన ఒక్కరే. మంగళవారం పొద్దున లేచేసరికి ఇద్దరయ్యారు. ఒక్కరితోనే నా తల ప్రాణం తోకకొస్తుంటే, ఇద్దరూ ఒకే తువ్వాలు కోసం బాత్‌రూమ్ ముందు కీచులాడుకుంటున్నారు. శ్రేఢుల ఆఫీసుకు పరిగెత్తాను. మా ఊళ్లో ఏది పెరిగినా, తరిగినా అక్కడే మొరపెట్టుకోవాలి.

గుమాస్తా గోళ్లు కత్తిరించుకుంటూ విన్నాడు. రోజుకొకరు చొప్పున కలుస్తుంటే అంకశ్రేఢి, రోజూ రెట్టింపవుతుంటే గుణశ్రేఢి అట. ఒకటి, రెండు చూసి ఏ శ్రేఢో తేల్చలేమనీ, మూడో అంకె పట్టుకు రమ్మనీ అన్నాడు. అందాకా ఎవరు వండిపెడతారో మాత్రం చెప్పలేదు.

బుధవారం నలుగురు. తప్పంతా నాదేనన్న ఒక్క విషయంలో తప్ప, నలుగురివీ నాలుగు అభిప్రాయాలు. రేపటికి ఎనిమిది మంది. మంచాల సంగతి సరే, అంతమందిలో నా మొగుడెవరో నాకెలా తెలుస్తుంది? నిజంగానే ఏడుపొచ్చింది.

గుణశ్రేఢేనని గుమాస్తా తేల్చాడు. ఒక్కరి దగ్గర ఆపమన్నాను. ముందు కసిరాను, ఆనక కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. శ్రేఢిని ఆపడం వాళ్ల చేతిలో లేదట, వెనక్కి నడిపించగలరట.

“రోజుకొకరిని తీసేయమంటారా, రోజూ సగం చేయమంటారా?” అన్నాడు.

తీసేస్తే నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఆ మర్నాడేమవుతుందని అడిగాను.

“సున్నా అమ్మా.”

“మరి సగం చేస్తే?”

“నాలుగు, రెండు, ఒకటి, అర, పావు... అలా తగ్గుతూనే ఉంటారు. సున్నా మాత్రం ఎప్పటికీ అవ్వరు.”

ఈ మనిషి పీడ ఎప్పుడు విరగడవుతుందా అని ఏళ్ల తరబడి సణిగినదాన్ని. సున్నా అన్న మాట మాత్రం మింగుడు పడలేదు. గుడ్డికన్నా మెల్ల నయమనుకుని, సగమే చేయమన్నాను.

ఇప్పుడాయన నా అరచేతిలో పడుకుంటారు. రేపు అందులో సగం. మాట వినాలంటే చెయ్యి చెవి దగ్గర పెట్టుకోవాలి. ఇవాళ పొద్దున అలాగే పెట్టుకుని, పెళ్లయ్యాక మొదటిసారి, ఏం చెబుతారోనని ఊపిరి బిగబట్టి విన్నాను.

“కూరలో ఉప్పెక్కువైంది,” అన్నారు.

ఒళ్లు మండింది. కళ్లు తుడుచుకుని, మళ్లీ చెప్పమన్నాను.