ఆషాఢమున విప్పని గేరుపెట్టె

అది ఆషాఢ బహుళపక్షము. రాత్రి యెల్ల వర్షించి యలసిన నీలమేఘములు తూర్పుకనుమల శిఖరములపై తలలాన్చి విశ్రమింపగా నవజలక్షాళితములైన వెదురుపొదలనుండి బిందువు వెంట బిందువు జాఱుచుండ కొండనడుమునకు జుట్టిన తడిచీరవలె కనుమదారి యరుణోదయకాంతిలో మెఱయుచుండెను.

ఆ దారిని పసుపుకుంకుమలతో నలంకృతమై ముందుభాగమున నిమ్మకాయల దండయు వెనుకతలుపున సరిక్రొత్త రంగులతో జిత్రింపబడిన జంటచేపలును గల యొక పికప్పు బండి మూల్గుచు నెక్కుచుండెను. దానిని నడుపువాడును దాని యజమానుడును గోదావరీతీరవాసియగు ఓలేటి నూకరాజు. వాని ప్రక్కను గూర్చున్నది జీలుగుపాడను కొండపల్లెనుండి వచ్చిన పల్లాల బుల్లెమ్మ. వెనుక తడిగోనెల నీడలో ప్రాణవాయువు నింపిన సంచులయందు వ్రేలెడంతయైన లేని బొచ్చె, రాగండి చేపపిల్లలు వేలకొలది యీదులాడుచుండెను.

జీలుగుపాటి స్త్రీలు రెండు వేసవులు తట్టలతో మన్నెత్తి తమ చేతులతో ద్రవ్విన కుంట ఆ యేడు మొట్టమొదటిసారి గట్టులంట నిండినది. చేపపిల్లల నిచ్చు కేంద్రమువారు కొండపల్లెలకు ఏటికొక్క విడత మాత్రమే యిత్తురు. ఆ విడత తప్పినచో మఱుసటి వానకాలము దాక కుంటలో నీరే గాని చేప యుండదు. మాఘమాసమునకు ప్రతి పొయ్యిమీదను చేపలపులుసుడుకునని బుల్లెమ్మ ఇంటింటను జెప్పియుండెను. అట్లు చెప్పుటకు నామెకు గల యాధారము నూకరాజు మాట యొక్కటియే.

"పూచీ నాదమ్మా. పొద్దెక్కకుండా మీ కుంటలో పోయిస్తాను" అని వాడు పలికియుండెను.

ఇక ఆ బండి సంగతి. పదునైదు దినములకు బూర్వము పట్టణమున గఫూరు సాయిబను వృద్ధుడైన మెకానిక్కు స్క్రూడ్రైవరు మొనను గేరుపెట్టెకు మోపి పిడిని చెవికానించి కన్నులు మూసికొని చాలసేపు వినెను.

"లోపల బేరింగు కూస్తా ఉంది నూకరాజూ. నువ్వు మోసేది నీళ్ళబరువు, ఎక్కేది కొండ. బరువుకి తట్టుకునే క్లచ్ ప్లేటేసి, బేరింగులు మార్చి, గేరాయిలు కొత్తది పోద్దాం. ఇవాళ బండి బాగానే నడుస్తది. నడిచేటప్పుడే చెయ్యాలి. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోకు."

"శూన్యమాసంలో బండి పొట్ట ఇప్పితే అచ్చిరాదంటారండి సాయిబుగారూ. శ్రావణం రానివ్వండి."

"బేరింగుకి ఆషాఢం తెలుసేంటయ్యా?" అని నవ్వి సాయిబు పనిముట్లు సర్దుకొనెను.

నూకరాజు మూర్ఖుడు కాడు. కాని చదువరులు గమనింపవలసిన దొకటి కలదు. క్రొత్త బాడుగ నంగీకరించుటకు వానికి ఆషాఢ మడ్డురాలేదు. వెనుకతలుపున జంటచేపలు వ్రాయించుటకును అడ్డురాలేదు. కంటికి గానరాని గేరుపెట్టెకు మాత్రమే శూన్యమాసము పట్టినది. మన యందఱి పంచాంగములును ఇంచుమించు ఇట్టివే.

ఆ యుదయము కనుమదారి యేడవ మలుపున మూడవ గేరునుండి రెండవదానికి దింపబోవగా బండి గర్భమున ఱాళ్లు నలిగినట్టి ఘోరధ్వని పుట్టెను. గేరుకఱ్ఱ వాని చేతిలో పుల్లవలె నిటునటు నాడెను. ఇంజను గర్జించుచున్నను చక్రములు కదలవయ్యెను. బండి వెనుకకు జాఱుట గని బుల్లెమ్మ క్రిందికి దుమికి చక్రములకు ఱాళ్లొడ్డెను. ఉదయపు బస్సు అంతకుముందే పోయినది. రెండవది సాయంకాలము గాని రాదు. ఆ మలుపున సెల్‌ఫోను పలుకదు. పదిదినములుగా ముఖము చూపని సూర్యుడు సరిగా నప్పుడే మబ్బులు చీల్చుకొని వెలికి వచ్చెను.

"ఎంతసేపు బతుకుతాయి బాబూ?"

"మజ్జాన్నందాకా... నీడుంటే."

బుల్లెమ్మ చీర యెగజెక్కి కాలిదారిని కొండమీదికి బోయెను. నూకరాజు కొండవాగునుండి నీరు దెచ్చి గోనెలు మఱల మఱల తడిపెను. పిల్లలు నోళ్లు తెఱచుకొని నీటిపైకి దేలుచున్న సంచులను విప్పి చేతులు నొప్పిగొనునంతవఱకు నీటిని జిలికెను. చేతులు కాలినపిదప ఆకులు పట్టుకొనుట యననేమో వానికి నాడు తెలిసెను. ఒక్కొక్క సంచియు కదలిక యుడిగి చచ్చిన పిల్లల పొట్టలతో తెల్లబాఱుచుండ వాడు బిగ్గఱగా నేడ్చెను. వినుటకు నచ్చట నెవ్వరును లేరు.

ప్రొద్దు వాలినపిదప ముప్పదిమంది స్త్రీలు బిందెలతో దిగివచ్చిరి. బుల్లెమ్మ సంచి వెంట సంచి వెలుతురునకెత్తి చూచి కదలుచున్న పిల్లలను బిందెలలో బోయించి తక్కినవానిని దారియంచున వరుసగా బెట్టెను. ఆ వరుస మలుపు దాటిపోయెను. పదింట నొకవంతైనను బ్రతుకలేదు.

"తప్పయిపోయిందమ్మా" అని నూకరాజు చేతులు జోడించెను.

"పూచీ అన్నావు గదా బాబూ" అని మాత్రమామె పలికెను. ఆ పలుకున గోపము లేదు. ఉన్నచో వానికి గొంత తేలికయై యుండెడిది.

మఱునాడు గఫూరు సాయిబు కబురంది బస్సున వచ్చి ఆ దారిప్రక్కనే, ఆ శూన్యమాసముననే, బండి పొట్ట విప్పెను. పగిలిన బేరింగును అరచేత నుంచుకొని నూకరాజు తలవంచి నిలిచెను.

"ఆవేళ నన్ను నాలుగు తిట్టుంటే బావుండేదండి."

"ఒక్కసారి చెప్పి నవ్వేసి ఊరుకున్నాను. నాదీ తప్పేనయ్యా" అని సాయిబు నూనెచేతులు గుడ్డకు దుడుచుకొనెను.

మఱుసటి యేడు జ్యేష్ఠముననే నూకరాజు తనంత దానుగా క్లచ్చును బేరింగులను మార్పించి క్రొత్త గేరాయిలు పోయించి, జీలుగుపాటికి నడచిపోయి, ఈసారియు పిల్లలను తానే తెత్తునని బుల్లెమ్మను వేడుకొనెను. ఆమె సరేననెను. చెప్పిననాడు బండి చప్పుడైన లేక కనుమ నెక్కుచు ఏడవ మలుపు చేరెను. అచ్చట దారియంచున, పోయినయేడు సంచులు వరుసదీరిన చోటనే, ముప్పదిమంది స్త్రీలు చంకల బిందెలతో నిలిచియుండిరి.

"బండి బాగుందమ్మా. అన్నీ మార్పించాను" అని వాడు తొట్రుపడుచు బలికెను.

"బాగానే ఉంటాది బాబూ. నువ్వు పద. మేం ఎనకాలే వస్తాం."

నూకరాజు మెల్లగా గేరు వేసెను. అది మెత్తగా బడినది. అద్దములో ఆ బిందెల వరుస కొండమలుపులవెంట వాని ననుసరించి కుంటగట్టు వఱకును వచ్చెను. మార్పింపదగిన భాగములనెల్ల మార్పించినవాడు ఆ బిందెలను మాత్రము చంకలనుండి దింపింపలేకపోయెను.