తాళం వేసిన గదిలో రాజ్యాంగ చర్చ

జిగురు వాసనకి కళ్లు తిరిగి, ఏడో నెల కడుపుతో ఉన్న అత్త కోడలు కాగితాల కట్టల మీద పడిపోయింది. మేం పనిచేసే బైండింగు గదికి రోజూ బయట తాళమే. తాళంచెవి సూపర్‌వైజర్ జేబులో, సూపర్‌వైజర్ భోజనంలో. అరగంట తలుపు బాదాం. తీరిగ్గా వచ్చి, ఆమెను ఆసుపత్రికి పంపించాడు. తనూ వెంట వెళ్తానన్న అత్తను లోపలికి నెట్టి మళ్లీ తాళం వేశాడు.

అత్త అంటే మాలో పెద్ద కుట్టుమనిషి, అందరికీ అత్తే.

బలవంతపు చాకిరీ కూడదని రాజ్యాంగంలో ఉంది. ఈ తాళం ఆ మాట కిందికి వస్తుందా అని మేం కోర్టుకెక్కి మూడేళ్లయింది. కోర్టు ఇద్దరు పండితుల్ని అడిగింది. వాళ్లు వాదించుకుని వాదించుకుని పుస్తకం వేశారు. విడ్డూరమేమిటంటే, దాన్ని కుట్టే పని మాకే వచ్చింది.

మా పనిలో ఎవరి ఫారం వాళ్లదే. మన పదహారు పేజీలు మడవడమే, పక్కవాళ్లవి చూడం. కోడలు పడిపోయిన ఆ రోజు మాత్రం ఎవరివి వాళ్లు పైకి చదివాం.

"రాజ్యాంగం రాసినవాళ్ల మనసులో కొరడా, సంకెల ఉన్నాయి గానీ తాళం లేదంటాడు ఈయన."

"నా దాంట్లో రెండో ఆయన, కాలంతో అర్థం పెరుగుతుందంటున్నాడు."

"మరి తాళం తియ్యమన్నాడా?"

"ఇంకా చర్చించాలట."

"నా దాంట్లోనూ అదే ఏడుపు!"

అత్త సూది బల్ల మీద పెట్టేసింది. "నాలుగొందల పేజీల్లో నా కోడలు ఎక్కడా లేదే! తలుపు తీసేదాకా నేనిది కుట్టను."

"కోర్టు తేల్చనీ అత్తా, ఉద్యోగాలు పోతాయి" అంది జిగురు రాసే వదిన.

"అప్పటిదాకా ఊపిరి బిగబట్టుకుంటావా?"

వదిన బ్రష్షు పక్కన పెట్టింది. ఒక్కొక్కరే నలభై మందిమీ చేతులు కట్టుకున్నాం. నాకు భయమేసింది, అబద్ధమెందుకు.

సూపర్‌వైజర్ కిటికీలోంచి బతిమాలాడు. "రేపే ఆవిష్కరణ! జడ్జిగారొస్తున్నారు!"

"రమ్మను. ఈ గదిలోనే పెట్టుకుందాం. తాళం నువ్వే వేద్దువుగాని" అంది అత్త.

సాయంత్రానికి పోలీసులొచ్చారు. తాళం తీయించి అత్త రెక్క పట్టుకున్నారు. సూపర్‌వైజర్ తలుపు మూయబోతుంటే వదిన భుజం అడ్డం పెట్టింది. అంతే, ఆ సందులోంచి అందరం బయటపడ్డాం.

"మీ మీద కేసు లేదు, లోపలికి పొండి!" అరిచాడు ఎస్సై.

"మూడేళ్లుగా ఉంది సార్. వాయిదాలకి విసిగి వస్తున్నాం" అన్నాం.

అత్తని జీపెక్కించారు. ఆమె ఒక్క మాటే అంది. "నా కోడలు ఎట్లా ఉందో కనుక్కోండే."

"నువ్వే చూద్దువుగాని" అంటూ వదిన జీపుకి అడ్డంగా రోడ్డు మీద కూర్చుంది. "ముందు ఆసుపత్రికి పోనియ్యండి. ఆ తరవాతే స్టేషను."

ఆమె పక్కన నేను కూర్చున్నాను. నా పక్కన మిగతావాళ్లు.