తెలుక్ కెమాంగ్‌లో పనిమనిషి

మలేషియాలో పోర్ట్ డిక్సన్ దగ్గర తెలుక్ కెమాంగ్ బీచ్‌కి మేం చేరేసరికి పది దాటింది. నీళ్లు బాగా వెనక్కి వెళ్లిపోయి తడి ఇసుక మెరుస్తోంది. బడి సెలవుల్లో శనివారం కావడంతో కారు పెట్టుకోవడానికే పావుగంట పట్టింది. మా అన్న శ్రీకుమార్‌కీ వదినకీ ఆ రోజు డ్యూటీ. అందుకని వాళ్ల పిల్లలిద్దరినీ, మా అమ్మ అచ్చమ్మనీ క్లాంగ్ నుంచి నేనే తీసుకొచ్చాను. కవిన్‌కి పదకొండేళ్లు, సుమితకి ఏడు.

ఇలా రావడం అమ్మ కోరిక. బటాంగ్ బెర్జుంటై రబ్బరు ఎస్టేట్‌లో పనిచేసే రోజుల్లో ఏడాదికోసారి అందరినీ లారీలో సముద్రానికి తీసుకెళ్లేవారు. నీళ్లు వెనక్కి పోయినప్పుడు ఇసుకని మడమతో తడిమి గుల్లలు తీయడం అమ్మకి అప్పుడే అలవాటైంది. మనవలకి ఆ పని నేర్పాలని నెల రోజులుగా అంటోంది.

కారు దిగగానే చీర విప్పి సంచిలో పెట్టేసింది. లోపల లుంగీలాంటి బాటిక్ కైలీ కట్టుకునే వచ్చింది. పైన నా పాత టీషర్టు తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టి, బకెట్ పట్టుకుని ఇసుకలోకి దిగింది.

"ఏలుతో కాదమ్మా, మడంతో నొక్కాల. గట్టిగా తగిలినాదంటే ఒంగి తీసుకోడవే" అని సుమితకి చూపించింది.

మొదటి గుల్ల సుమితకే దొరికింది. కవిన్ చాప మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"నీకేట్రా, కాలికి మట్టంటుకుంటే ఒట్టుకుపోతాదా?"

"హాట్‌గా ఉంది లా, మామ్మా" అన్నాడు వాడు తల ఎత్తకుండా. వాడికి తెలుగు అర్థమవుతుంది. మాట్లాడమంటే మాత్రం ఇలా ఒకటో రెండో ముక్కలు, చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి.

నేను కొబ్బరినీళ్లు కొనడానికి రోడ్డు దాకా వెళ్లి వచ్చేసరికి మా చాప పక్కన ఇంకో చాప పరిచి ఉంది. కవిన్ జనవరిలో చేరిన పెద్ద స్కూల్లో వాడి క్లాసు పిల్లాడు విక్నేష్, వాళ్లమ్మ మాధవి దాని మీద కూర్చుని ఉన్నారు. కౌలాలంపూర్ నుంచి వచ్చారట. ఆవిడ నన్ను పలకరించి తమిళంలో అడిగింది.

"కవిన్ అత్తయ్యా మీరు? మంచి మనిషి దొరికింది మీకు. మా ఇంట్లో మెయిడ్ పోయిన నెలే ఊరికి వెళ్లిపోయింది. ఈవిడని ఆంధ్రా నుంచి తెప్పించారట కదా, ఏజెంట్ ఎవరు?"

ఎవరి గురించి అడుగుతోందో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అల్లంత దూరంలో అమ్మ మోకాళ్ల దాకా బురదతో, సుమితతో తెలుగులో గట్టిగా మాట్లాడుతోంది. నేను లేనప్పుడు కవిన్ చెప్పిన మాటని, ఆ కైలీ, ఆ భాష చూసి మాధవి నమ్మేసింది. ఇక్కడ పుట్టినవాళ్లు తెలుగు మాట్లాడతారని ఆవిడకి తెలియదు. మా ముత్తాత ఆంధ్రా నుంచి వచ్చి ఇక్కడ ఓడ దిగి నూరేళ్లు దాటింది. అమ్మ ఈ దేశం వదిలి ఒక్క రోజు ఎక్కడికీ వెళ్లలేదు. తమిళం, మలయ్ రెండూ నాకన్నా బాగా మాట్లాడుతుంది.

కవిన్ వంక చూశాను. వాడు అప్పటికే నా మొహంలోకి చూస్తున్నాడు. చెప్పొద్దని ఆ చూపు.

"ఏజెంట్ సంగతి నాకు తెలీదు. అన్నని అడగాలి" అన్నాను.

అమ్మ బకెట్‌తో మా వైపు వచ్చింది. మాధవి విక్నేష్ చెప్పులు రెండూ ఎత్తి చూపించి, నీళ్ల వైపు వేలు పెట్టి, కడగమని సైగ చేసింది. తర్వాత కవిన్ వైపు తిరిగింది. "తమిళం వస్తుందా ఆవిడకి?"

"మెయిడ్‌కి తమిళం రాదు ఆంటీ" అన్నాడు కవిన్.

అమ్మ వాడిని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను కొబ్బరినీళ్ల సంచి ముడి విప్పుతూ ఉండిపోయాను. అమ్మకి కోపం వస్తే గొంతు పెరగదు, ఇంకా తగ్గుతుంది.

"అలగే బాబుగారు" అంది కవిన్‌తో తెలుగులో, నెమ్మదిగా. "సెప్పులొక్కటేనా? బొమ్మలు కూడా కడగమంతారా?"

కవిన్ చెవులు ఎర్రబడ్డాయి. అమ్మ చెప్పులు కడిగి తెచ్చింది. ఇసుక బొమ్మలు కడిగింది. విక్నేష్ తడిబట్టలు పిండి ఆరేసింది. ఒక్కో పనీ అయ్యాక కవిన్ ముందుకొచ్చి నిలబడి "ఇంకేటి సెయ్యాల బాబుగారు?" అని అడుగుతోంది. విక్నేష్‌కి అది తమాషాగా ఉంది. "నీ మెయిడ్ రోబోలా ఉందిరా" అని నవ్వాడు. కవిన్ కూడా నవ్వాడు, నోటితో మాత్రమే. వాడి చెంప పగలగొట్టాలనిపించింది నాకు. కొట్టలేదు, గ్లాసుల్లో కొబ్బరినీళ్లు పోస్తూ కూర్చున్నాను.

భోజనాల వేళ అమ్మే డబ్బాలు విప్పింది. తెల్లవారుజామున లేచి చేసిన పులిహోర, నెత్తళ్ల వేపుడు. అందరికీ వడ్డించి, తన కంచం తీసుకుని దూరంగా సరుగుడు చెట్టు కింద కూర్చుంది. సుమిత తన ప్లేటు పట్టుకుని అక్కడికి పరిగెత్తింది.

"ఎల్లమ్మా, అక్కడ కూకో. పనోళ్ల కాడ కూకుంటే మీ అన్నకి నామోషీ."

"నువ్వు పనోళ్లు కాదు, మామ్మా" అంది సుమిత ఏడుపు గొంతుతో.

"అది మీ అన్నకి తెలవాల."

ఇక్కడ మాధవి పులిహోర రెండోసారి పెట్టుకుంటూ కవిన్‌ని అడుగుతోంది. "వంట బాగుంది. మనిషి శుభ్రమేనా? అడక్కుండా ఫ్రిజ్‌లోంచి ఏమైనా తీస్తుందా? మా పాతామెకి ఆ బుద్ధి ఉండేది."

"తియ్యదు ఆంటీ" అన్నాడు వాడు. ముద్ద చేతిలోనే ఉంది, నోట్లోకి వెళ్లడం లేదు.

ఈ మాటలన్నీ అమ్మకి వినిపిస్తూనే ఉన్నాయి. తినడం అయ్యాక కంచం కడుక్కుని వచ్చి ఖాళీ డబ్బాలు సర్దడం మొదలుపెట్టింది.

"శనివారాలు మా ఇంటికి వస్తుందేమో అడిగి చూడు కవిన్" అంది మాధవి. "మీ భాషలో అడుగు."

కవిన్ చెయ్యి తుడుచుకుంటూ విక్నేష్ వైపు చూశాడు. అమ్మ డబ్బా మూత బిగించి, మాధవి వైపు తిరిగి, కవిన్‌ని చూపిస్తూ తమిళంలో మాట్లాడింది.

"నేను ఈయన దగ్గర పనిచేస్తానమ్మా. పుట్టిన మూడో రోజున ఆసుపత్రి నుంచి తెచ్చి నా ఒళ్లో పెట్టారు. ఆ రోజు నుంచి పని. దొడ్డికి కూర్చుంటే కడిగాను. డెంగీ జ్వరం వస్తే తొమ్మిది రోజులు మంచం పక్కన నేల మీద పడుకున్నాను. నన్ను మీ ఇంటికి పంపుతాడో లేదో ఆయన్నే అడగండి."

మాధవి స్పూన్ కింద పెట్టేసింది. అమ్మని, నన్ను, కవిన్‌ని మార్చి మార్చి చూసింది. "ఎవరు కవిన్ ఈవిడ?" అని అడిగింది.

అమ్మ వాడి మొహం మీద నుంచి చూపు తిప్పలేదు. వాడు ఒక్క మాట అంటే చాలు. కాలి బొటనవేలితో ఇసుక తవ్వుతూ నిలబడ్డాడు. సుమిత "చెప్పన్నా" అంటూ వాడి చొక్కా పట్టుకు లాగింది. వాడు విదిలించుకున్నాడు.

అమ్మ డబ్బాల సంచి భుజాన వేసుకుని కారు వైపు నడిచింది. మేం చాప చుట్టుకుని వెనకాలే వెళ్లాం. కారు దగ్గరికి వచ్చాక కవిన్ ఏడుపు మొదలుపెట్టాడు.

"సారీ మామ్మా. సారీ లా."

"నాకెందుకు సెప్తావు? నాను మీ మామ్మనని నాకు తెల్దేటి? తెలనోళ్లు అక్కడున్నారు. ఎల్లి ఆలకి సెప్పు."

"విక్నేష్ నవ్వుతాడు. స్కూల్లో అందరికీ చెప్తాడు."

"నవ్వనీ. పొద్దుటికాణ్ణించి నన్ను సూసి నవ్వినాడు. నాను సచ్చిపోనానేటి?"

"అమ్మా, ఎండగా ఉంది, ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం" అన్నాను.

"నువ్వుండు."

సుమితని లోపల కూర్చోబెట్టి ఏసీ వేశాను. అమ్మ కారెక్కలేదు, తలుపు పట్టుకుని ఎండలో నిలబడింది. కవిన్ కాసేపు చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు. వాళ్ల నాన్నకి ఫోన్ చేస్తానన్నాడు. "సెయ్యి. ఏటి సేసినావో కూడా సెప్పు" అంది అమ్మ. వాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. ఎండ వాడి మెడ మీద పడుతోంది. చివరికి లేచి, చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని బీచ్ వైపు వెళ్లాడు.

వాడు ఏం చెప్పాడో మాకు వినపడలేదు. మాధవి లేచి నిలబడి మా కారు వైపు చూడడం మాత్రం కనిపించింది. విక్నేష్ పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్లమ్మ వాడి వీపు మీద ఒకటి వేసింది. కవిన్ తల దించుకుని తిరిగొచ్చాడు. అమ్మ వాడికి వెనక తలుపు తీసింది.

నేను స్టీరింగ్ ముందు కూర్చున్నాను. అమ్మ ఎక్కలేదు.

"ఆడికి పదకొండేళ్లు" అంది కిటికీలోంచి. "నీకెన్ని?"

నేను సీటు బెల్టు పెట్టుకున్నాను.

"అన్ననడగాల అన్నావు. బకెట్టు తీసుకుని అప్పుడే వస్తన్నాను. గాలి నా ఏపుకే ఉంది."

చిన్నప్పటి నుంచి నాకు మాటలు తక్కువని అందరూ అంటారు. దాన్ని మంచితనమనీ అంటారు, నేనూ ఒప్పుకుంటూ వచ్చాను. ఆ పొద్దున అబద్ధానికి మాత్రం మాటలు తడుముకోకుండా వచ్చాయి. ఇరవై నాలుగేళ్లదాన్ని ఇలా పిల్లల ముందు నిలదీస్తుందా అని మండిపోయింది. తాళం తీసి సీటు మీద విసిరేసి దిగాను. బీచ్ దాకా నడిచినంతసేపూ మాధవిని తిట్టుకున్నాను, కవిన్‌ని తిట్టుకున్నాను, అమ్మని కూడా తిట్టుకున్నాను.

మాధవి నన్ను చూసి ఎదురొచ్చింది. "బాబు చెప్పాడమ్మా. చిన్నపిల్లాడు, పోనివ్వండి. పెద్దావిడకి నా తరఫున క్షమించమని చెప్పండి."

"వాడి గురించి కాదు" అన్నాను. "ఏజెంట్ ఎవరని మీరు నన్ను అడిగారు. ఏజెంట్ ఎవరూ లేరు. ఆవిడ మా అమ్మ. తెలిసే మీకు అబద్ధం చెప్పాను."

ఆవిడ నన్ను కింద నుంచి పైదాకా చూసింది. పొద్దున అమ్మని చూసినట్టే. "మరి మీకేం వచ్చింది?" అంది. "వాడంటే పిల్లాడు."

వెనక్కి తిరిగాను. అమ్మ ఇంకా ఎండలోనే నిలబడి ఉంది. నేను దగ్గరికి వచ్చాకే ఎక్కి, తలుపు గట్టిగా వేసుకుంది. క్లాంగ్ దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది.